అంచున రాసిన ప్రశ్న

గుడివాడ రైల్వేస్టేషను. ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం. బందరు పాసింజరు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద జయకృష్ణ, ఝాన్సీలక్ష్మి. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు.

"కొంచెం అటు జరగండి."

"పద్దెనిమిది రోజుల తర్వాత కనిపించి, మొదటి మాట ఇదా?"

"జరగండి. మన మధ్య ఈ సంచి పెట్టాలి."

"ఏముంది అందులో? బందరు లడ్డూలా?"

"లడ్డూలు అడుగున ఉన్నాయి. పైన మీ ఉత్తరాలున్నాయి. ముందు ఉత్తరాల సంగతి తేలాలి. తర్వాతే లడ్డూలు."

"అన్నీ మోసుకొచ్చావా! ఎవరైనా చూస్తే?"

"చూడనివ్వండి. మొగుడు రాసినవేగా. కాదా?"

"అదేం ప్రశ్న? అత్తయ్యగారెక్కడ?"

"ఆడవాళ్ళ వెయిటింగ్ రూంలో. ఆషాఢంలో అల్లుడి మొహం చూడకూడదట. గోడవైపు తిరిగి కూర్చుని కనకాంబరాలు కట్టుకుంటోంది."

"మరి మనం చూసుకోవచ్చా?"

"అత్తారింటి గడప మీరు తొక్కకూడదు, మీ అమ్మగారూ నేనూ ఒక గడప దాటకూడదు. స్టేషనుకి గడప లేదు కదే, పద, నాకు గుడివాడలో పనుందని మీ నాన్నకి చెబుతాను, అంది అమ్మ."

"అత్తయ్యగారా? అన్ని మాటలు ఒక్కసారే అన్నారా?"

"మాట మార్చకండి. ఇదిగో, మూడో ఉత్తరం. చదవనా?"

"ఇక్కడా? వద్దు ఝాన్సీ, అటు కూలీలున్నారు."

"మెల్లిగానే చదువుతాను. 'చూడగానే అందంగా ఉందనిపించేది కళ కాదు. దాన్ని చూసొచ్చాక మన ఇంట్లో వస్తువులు మనకే కొత్తగా కనపడితే, అది కళ.' ఇది చదివిన రోజు నేనేం చేశానో తెలుసా? వంటింట్లోకి వెళ్ళి ఇత్తడి గంటె చేత్తో పట్టుకుని పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాను. నిజంగానే కొత్తగా కనపడింది. మా ఆయన రాసిన ఒక్క మాటకి గంటె కూడా మెరుస్తోంది అనుకున్నాను."

"మంచిదేగా."

"ఇది ఐదోది. 'మనిషి చెడ్డవాడు కావడానికి పెద్ద కారణమేం అక్కర్లేదు. తనని ఎవరూ గమనించడం లేదన్న అనుమానం చాలు.' ఆ సాయంత్రం మా పాలేరు అప్పయ్య కసురుకుంటే, పాపం ఇతన్ని ఎవరూ గమనించడం లేదేమోనని రెండు గారెలు ఎక్కువ పెట్టాను."

"నవ్వొస్తోంది నాకు."

"నవ్వకండి. నేను నవ్వించడానికి చెప్పడం లేదు. ఉత్తరం విప్పేముందు చేతులు కడుక్కునేదాన్ని తెలుసా? మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఒకసారి, కిందికొచ్చి వంటింట్లో అమ్మకి వినిపిస్తూ ఇంకోసారి. నాతో చదువుకున్న బిందుకి కూడా చదివాను. 'మీ ఆయన మామూలు మనిషి కాదే' అని అది ఆ మాటలు తన డైరీలో రాసుకుంది. నేను ఎంత మురిసిపోయానో!"

"ఇప్పుడు ఏమైంది మరి?"

"మంగళవారం బందరు వెళ్ళాం, నేనూ బిందూ. లైబ్రరీ కార్డు రద్దు చేయించుకుందామని. అక్కడ బల్ల మీద బైండింగుకి పంపే పుస్తకాల దొంతర ఉంది. అన్నిటికంటే పైన అట్ట లేని లావు పుస్తకం ఒకటి. ఫాను గాలికి పేజీలు తిరుగుతున్నాయి. ఊరికే చెయ్యి వేసి ఆపాను."

"ఆ..."

"ఆగిన పేజీలో మీరున్నారు."

"ఝాన్సీ..."

"మూడో ఉత్తరం ఉంది. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే ఐదోది. అక్షరం పొల్లుపోకుండా. ఎవరెవరో దేశదేశాల రచయితలు కళ గురించీ, సుఖం గురించీ, మనిషి గురించీ అనుకున్నవన్నీ ఎవరో తెలుగులోకి తెచ్చారట. బిందు నా భుజం మీదుగా చూస్తోంది. తర్వాత బస్సులో పెడన దాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది."

"ఇంకేం చూశావు అందులో?"

"ఇంకేం చూడాలి?"

"పేజీల్లో. ఇంకేమైనా..."

"చాలదా? ఆరోది కూడా ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 'మనిషి దుఃఖాన్ని పదిమందికి చెప్పుకుంటాడు. సంతోషాన్ని మాత్రం ఒక్కరికే చెప్పుకోవాలనుకుంటాడు. ఆ ఒక్కరూ దొరకనివాళ్ళు కళాకారులవుతారు.' నాకు మీరు దొరికారు, మీకు నేను దొరికాను, ఇంక మనిద్దరం కళాకారులం కాలేం అని ఎంత సంతోషపడ్డానో! ఎంత పిచ్చిదాన్ని!"

"ఆ పేజీ సరిగ్గా చూశావా?"

"ఎందుకండీ అదే అడుగుతారు? దొంగతనం ఎక్కడ చేశారో మీకు తెలీదా?"

"దొంగతనం కాదు."

"మరేమిటి? కింద ఎవరి పేరైనా రాశారా? ఫలానావారు అన్నారు అని రాస్తే నేను వద్దన్నానా?"

"రాయలేదు. కావాలనే రాయలేదు."

"చూశారా! కావాలనేనట!"

"గట్టిగా అరవకు. నేను చెప్పేది విను."

"ముందు నేనడిగేదానికి చెప్పండి. పెళ్ళయిన ఐదో రోజు, మీ మేడ మీద, వాన వెలిశాక, మీరు నాతో ఒక మాటన్నారు. గుర్తుందా?"

"ఉంది."

"ఏమన్నారు?"

"నీ పక్కన కూర్చుంటే నాకు తెలివిగా ఉండాలనిపించదు, అన్నాను."

"ఏ పేజీలోదది?"

"అది ఏ పేజీలోనూ లేదు."

"ఎలా నమ్మను? మూడువందల పేజీలు చదివొస్తే గానీ నమ్మలేను. నాకు ఉత్తరాల గురించి కూడా కాదండీ బాధ. ఇంకో పన్నెండు రోజుల్లో శ్రావణం. పసుపూ కుంకుమా పట్టుకుని మీ ఇంటికి రావాలి. ఆ మేడ ఎక్కాలి. మీరేదైనా మంచిమాట అంటే, ఇది నాకన్నారా, ఎవరిదో అప్పజెప్పారా అని ప్రతిసారీ వెతుక్కోవాలా? అలా అయితే నేను రాను."

"రానంటే?"

"రాననే."

"సరే. అయితే నేనొకటి అడుగుతాను. నువ్వు తిన్నగా చెప్పాలి. ఆ పుస్తకం అంచుల్లో పెన్సిలుతో రాసినవి చూశావా?"

"ఆ, ఎవరో పిచ్చిరాతలు రాశారు. పదిమంది చదివే పుస్తకం మీద రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. ఏమిటి? ఏమైందండీ? ఎందుకలా చూస్తారు?"

"ఏం లేదు."

"మీ మొహం పాలిపోయింది."

"నువ్వు... నువ్వు తమాషాకి అంటున్నావా?"

"దేనికి తమాషా?"

"నీ రాతని నువ్వే పిచ్చిరాతలంటున్నావా అని."

"నా రాతా! నేనెందుకు రాస్తానండీ?"

"ఝాన్సీ, పెళ్ళికి ముందు రెండేళ్ళు నేను బందరులో ట్యుటోరియల్లో పాఠాలు చెప్పాను కదా. సాయంత్రాలు ఆ లైబ్రరీలోనే ఉండేవాణ్ణి. ఆ పుస్తకం తీసుకున్నాను. ఆరో ఉత్తరంలో మాట ఉన్న పేజీలో, అంచున, పెన్సిలుతో సన్నగా ఒక ప్రశ్న ఉంది. 'కళాకారులు కూడా కాలేనివాళ్ళు ఏమవుతారు?' అని."

"ఊ."

"ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు దాని కింద నేను రాశాను, 'వాళ్ళు చదువుతారు' అని. ఎవరు చూస్తారులే అనుకున్నాను. రెండు నెలల తర్వాత మళ్ళీ తీసి చూస్తే, నా జవాబు కింద ఇంకో ప్రశ్న ఉంది."

"ఏమని?"

"'చదివాక?' అని. వెనక కాగితం మీద కార్డు నంబరుంది. మూడుసార్లు అదే నంబరు. లైబ్రేరియన్‌ని బతిమాలి రిజిస్టరు తీయించాను. పేరు ఝాన్సీలక్ష్మి. బి.ఏ. రెండో సంవత్సరం. ఊరు పెడన దగ్గర. నేనే పెళ్ళిళ్ళ పేరయ్య నాగేశ్వరరావుగారి కాళ్ళావేళ్ళా పడి మీ ఇంటికి సంబంధం పంపించుకున్నాను."

"మీరు నన్ను కాలేజీ ఫంక్షన్‌లో చూశారని చెప్పారు!"

"అది అబద్ధం. నిన్ను చూడకుండానే అడిగించాను. ఆ ప్రశ్న అడిగిన మనిషి ఎలా ఉన్నా చేసుకుందామనుకున్నాను. ఈ ఉత్తరాల్లో ఆ మాటలు ఎందుకు రాశాననుకున్నావు? అన్నీ నువ్వు గీత గీసినవే. 'ఇవి నాకు తెలుసులెండి, పట్టేశాను' అని నువ్వు జవాబు రాస్తావని. ఒక్కో ఉత్తరం రాసి ఎదురుచూడటం. నువ్వేమో గారెల గురించి రాస్తావు, వాన గురించి రాస్తావు, దూడ పుట్టిందని రాస్తావు. ఆ పుస్తకం ఊసే ఎత్తవు. మర్చిపోయిందా, పరాయిదానిలా నటిస్తోందా అని నేనూ ఇక్కడ నలిగిపోతున్నాను."

"అవి నా గీతలు కావండీ."

"కార్డు నీదే కదా."

"కార్డు నాదే. పుస్తకం నేనే తెచ్చాను. ఒక కార్డు మీద రెండిస్తారు. ఒక నవల నాకు, ఒక లావు పుస్తకం నాన్నకి."

"మావయ్యగారికా!"

"అమ్మ చెప్పేది. నాన్నకి నిద్రపట్టడం లేదే, ఏదైనా లావుగా ఉన్నది తే, కథలొద్దు అని. ఆ అట్టలేనిది మళ్ళీ తెమ్మంది కూడా. ఇంకా పూర్తికాలేదట అని."

"అంటే నేను... కాంతారావుగారి ప్రశ్నకి... ఓరి దేవుడా. నేను మా మావగారి రాత చూసి మనసుపడ్డానా?"

"నవ్వు తెప్పించకండి, నాకు ఏడుపొస్తోంది. నాన్న పేపర్లో ధాన్యం ధరలు, చావుకబుర్లు తప్ప ఏదీ చదవడు. అసలు... ఆగండి. నాన్నకి నిద్రపట్టకపోవడమేమిటి? మంచమెక్కకముందే గురకపెడతాడు. అన్నం కంచం ముందే కునికిపాట్లు పడతాడు."

"మరి ఆ పుస్తకాలు?"

"నాకు తెలీదు. తెచ్చి వంటింటి గూట్లో పెట్టేదాన్ని. శనివారం శనివారం తీసుకెళ్ళి మార్చేదాన్ని. వంటింటి గూట్లో..."

"ఝాన్సీ."

"ఉండండి. ఆరో ఉత్తరం నేను అమ్మకి చదువుతున్నాను. అమ్మ పులుసు కలుపుతోంది. పులుసు పొంగి పొయ్యి ఆరిపోయింది. అమ్మ అలాగే గంటె పట్టుకుని నిలబడింది. 'ఇంకోసారి చదవవే' అంది. వినపడలేదేమో అనుకున్నాను."

"అత్తయ్యగారా?"

"మా అమ్మకి ఏడో తరగతి దాకే చదువు. ఇరవై మందికి వండుతుంది. వారపత్రికలో ముగ్గులు కత్తిరించి దాచుకుంటుంది. మా అమ్మ అలాంటి ప్రశ్న అడగదు. ఎందుకడుగుతుందండీ? ఏం తక్కువైంది మా ఇంట్లో?"

"నన్నెందుకడుగుతావు?"

"ఎవర్నడగను? మీరు చేసుకోవాలనుకున్న మనిషి నేను కాదు. అదొక్కటీ తెలిసింది. ఆ ప్రశ్న చస్తే నాకు తట్టేది కాదు. నాకు గంటె మెరిస్తేనే పండగ. ఇప్పుడు చెప్పండి, మీరు ఎవర్ని చేసుకున్నారు?"

"నిజం చెప్పనా?"

"మీ సొంతమాటల్లో చెప్పండి. పుస్తకంలోవి వద్దు."

"పెళ్ళిచూపుల్లో నిన్ను ఆ ప్రశ్న గురించే అడుగుదామని వచ్చాను. మాట కూడా కూర్చుకున్నాను. నువ్వు కాఫీ ఇచ్చి, 'మీ చొక్కాకి రెండో గుండీ మూడో కన్నంలో పెట్టారండీ, ఇందాకట్నించీ చెప్పలేక చస్తున్నాను' అన్నావు. మా నాన్న ముందే. నేను నవ్వాను. అడగడం మర్చిపోయాను. ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది, అడగలేదని. పోనీలే అనిపించింది."

"పోనీలే అనిపించిందా?"

"అవును. నువ్వు పుట్టింటికెళ్ళాక మా మేడమెట్లు పదిహేడని తెలిసింది. నువ్వున్న రోజుల్లో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఎక్కేసేవాణ్ణి."

"ఇది... ఇది రాయొచ్చు కదండీ ఉత్తరంలో!"

"ఇదేం మాట? మెట్ల లెక్క. సిగ్గేసింది."

"పదమూడు ఉత్తరాలు కలిపినా ఈ మెట్లకి సరిపోవు. ఛ, ఎంత మొద్దండీ మీరు. సంచి తీసేయండి మధ్యలోంచి. అయినా నాకు కోపం తగ్గలేదు. తగ్గిందనుకునేరు."

"అనుకోను. లడ్డూ?"

"ఇవ్వను. ముందు అమ్మ... అయ్యో, అమ్మ వస్తోంది."

"ఇటేనా? ఆషాఢం కదా! అత్తయ్యగారూ, నమస్కారమండీ. మీరు... ఎదురుపడకూడదేమో కదండీ."

"నమస్కారం అల్లుడుగారూ. కూర్చోండి. దీని గొంతు వెయిటింగ్ రూం దాకా వినపడుతోంది. ఇంట్లో గొడవలు ఇంట్లో పడటానికి గడప అడ్డమని ఇక్కడికి తెస్తే, ఊరంతా వినేలా ఉంది. ఏమే, ఏమిటా గోల?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే కళ్ళెందుకు ఎర్రబడ్డాయి? అల్లుడుగారూ, చిన్నపిల్ల. ఏదైనా అంటే..."

"అమ్మా, నేను తెచ్చిన లావు పుస్తకాలు ఎవరు చదివేవాళ్ళు?"

"ఏ పుస్తకాలు?"

"లైబ్రరీవి. నాన్నకి నిద్రపట్టదన్నావే, అవి."

"మీ నాన్నే. పద, బండి వేళయింది."

"నాన్న గురకకి పక్కింటి రాజుగారి గేదె తాడు తెంపుకుంటుందని నువ్వేగా అంటావు."

"ఇప్పుడెందుకే అవన్నీ? కనకాంబరాలు పెట్టుకో, వాడిపోతాయి."

"అట్ట లేని పుస్తకం అమ్మా. అంచుల్లో పెన్సిలు. చెప్పమ్మా."

"తుడిచేద్దామనే అనుకున్నాను. తుడిస్తే కాగితం చిరుగుతుందేమోనని ఊరుకున్నాను. తప్పే. పదిమంది పుస్తకం. జుర్మానా వేశారా నీకు?"

"జుర్మానా ఎవరిక్కావాలి! ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఏమని చెప్పను? పగలంతా ఇంటినిండా మనుషులుంటారు కదే. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక గంట. బియ్యం డబ్బా మీద కూర్చుని. అందులో ఎవరెవరో పెద్దవాళ్ళు సుఖం అంటే ఇదీ, మనిషంటే ఇదీ అని ఊరికే చెప్పేస్తుంటే... ఎదురు అడగాలనిపించేది. అడిగాను. పుస్తకాన్నేగా అడిగాను, ఎవరికి నష్టం?"

"పుస్తకం జవాబు చెప్పింది కదమ్మా."

"చెప్పింది."

"ఎవరు చెప్పారో తెలుసా నీకు?"

"అప్పుడు తెలీదు. ఎవరో పెద్దాయన అనుకున్నాను, రిటైరైన మేష్టారు అయ్యుంటాడని. ఆరో ఉత్తరం నువ్వు చదివినప్పుడు తెలిసింది."

"తెలిసి ఊరుకున్నావా? ఈయన అది నేననుకుని నన్ను చేసుకున్నారమ్మా! ఈ ఉత్తరాలన్నీ నీ గీతలకి రాశారు. నేను నావనుకుని గాల్లో తేలుతుంటే నువ్వు పులుసు కలుపుతూ చూస్తూ కూర్చున్నావా?"

"చెబితే ఏమవుతుందే? నీకా మురిపెం పోతుంది. ఆయనకి నీ మీద చిన్నచూపు వస్తుంది. ఎలాగూ బయటపడింది కనుక ఇక్కడ గుడివాడలోనే, మీరిద్దరే కూర్చుని తేల్చుకుంటారని తీసుకొచ్చాను. పుస్తకం సంగతి మంగళవారమే బిందు నాతో చెప్పింది."

"అందుకా తీసుకొచ్చావు! నా మీద బెంగతో అనుకున్నాను."

"బెంగ కాదా ఇది?"

"అత్తయ్యగారూ."

"చెప్పండి."

"నన్ను క్షమించాలి. నేను చిన్నవాణ్ణి. పెద్దవారని తెలియక, వాళ్ళు చదువుతారు అని తేలిగ్గా రాసేశాను."

"తేలిగ్గా ఏం రాయలేదు బాబూ. నాలుగు రోజులు ఆ మాట మీదే బతికాను."

"రెండో ప్రశ్నకి మాత్రం అప్పుడు నాకు జవాబు తెలీలేదు. ఏడాది తిరిగింది. ఇప్పుడు తట్టింది. మొన్న శుక్రవారం ఉత్తరంలో రాశాను. మిగతావాటిలా కాదు, అందులో పుస్తకంలోది ఒక్క ముక్క లేదు. అంతా నాదే. ఝాన్సీ అనుకునే రాశాను."

"శుక్రవారమా? ఈ వారం నాకు ఉత్తరమే రాలేదే."

"వచ్చుండాలే. సోమవారానికే అందాలి."

"రాలేదండీ. పదమూడే. కావాలంటే సంచి చూడండి."

"సిగ్నలిచ్చారు. లేవవే, ఆడవాళ్ళ పెట్టె ముందుకొస్తుంది."

"ఉండమ్మా. పోస్టు నూకరాజు నీ చేతికే కదా ఇస్తాడు. వచ్చిందా?"

"సంచి నాకివ్వు. నువ్వు ఆయనకి లడ్డూలిచ్చి రా."

"అమ్మా. వచ్చిందా?"

"వచ్చింది."

"నాకివ్వలేదే?"

"ఇవ్వలేదు."

"విప్పావా? మా ఆయన నాకు రాసిన ఉత్తరం విప్పి చదివావా అమ్మా?"

"పోనీ ఝాన్సీ, వదిలెయ్. ఇంకోటి రాస్తాను."

"మీరాగండి. ఆయన సొంతంగా రాసింది అదొక్కటే. ఏదమ్మా? ఇంట్లో ఉందా? చింపేశావా? ఏది, నాకిచ్చెయ్."

"చింపలేదు. జాకెట్టులోనే ఉంది. కవరు మీద పేరు నీదేనే, కాదనను. కానీ పుట్టి బుద్ధెరిగాక నాకంటూ ఎవరైనా రాసిన ఉత్తరం ఇదొక్కటే. మిగతా పదమూడూ నువ్వుంచుకో తల్లీ, ఇది మాత్రం నన్నడగకు."